తాడిపత్రి షెవర్లే ట్రక్కుకు క్యామ్ ఎంపిక: లిఫ్ట్ కంటే ముందు ఇన్‌లెట్ వాల్వ్ ఎప్పుడు మూస్తుందో చూడాలి

బండి వివరాలు ముందు చెప్పేస్తాను. తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే ఒక అన్నది, 1970ల నాటి షెవర్లే సీ-10 పికప్. ఎడమ చేతి స్టీరింగ్, 350 క్యూబిక్ ఇంచుల స్మాల్ బ్లాక్ వీ8, అంటే మన లెక్కలో 5.7 లీటర్లు, దాని వెనక మూడు గేర్ల ఆటోమేటిక్. బోర్ 4 ఇంచులు, స్ట్రోక్ 3.48, కనెక్టింగ్ రాడ్ 5.7 ఇంచులు, కంప్రెషన్ 8.5 దగ్గర. క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్, కంపెనీ ఇచ్చిన పోత ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లు, బ్రేక్‌కు వాక్యూమ్ బూస్టర్. ఏసీ పని చేస్తోంది, అది ముఖ్యం, ఎందుకో తర్వాత చెప్తా.

అనంతపురంలోని మా షెడ్డుకు ఈ బండి క్యామ్ కోసం రాలేదు. క్యామ్ అంటే వాల్వ్‌లను తెరిచే షాఫ్ట్, దాని మీది మిట్టలే లోబ్‌లు. కార్బ్యురేటర్ తుమ్ముతోందని వచ్చింది. ఐడ్లింగ్‌లో ఒక సిలిండర్ మిస్సింగ్, యాక్సిలరేటర్ కొంచెం నొక్కగానే కార్బ్యురేటర్ పైనుంచి టప్పుటప్పుమని ఎదురు కొట్టడం. అప్పటికే ఎవరో కార్బ్యురేటర్ రెండుసార్లు విప్పి కడిగారు, ప్లగ్గులు మార్చారు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ కూడా కొత్తది వేశారు. ప్లగ్ వైర్లు ఒక్కొక్కటీ తీసి చూస్తే ఐదో సిలిండర్ వైర్ తీసినా ఇంజిన్‌లో ఏ మార్పూ లేదు. కరెంటు వస్తోంది, కంప్రెషన్ గేజ్ పెడితే మిగతా వాటికి పెద్ద తేడా లేదు. కంప్రెషన్ ఉండి, స్పార్క్ ఉండి, ఎదురు కొడుతోందంటే నేను వెంటనే రాకర్ కవర్ విప్పుతాను. కాలిన గ్యాస్ ఎగ్జాస్ట్ వైపు పోలేకపోతే ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకోగానే వెనక్కి మ్యానిఫోల్డ్‌లోకే వస్తుంది, కార్బ్యురేటర్ తుమ్మడానికి అది చాలు.

లోబ్ ట్యాపెట్‌ను లేపుతుంది, ట్యాపెట్ పుష్ రాడ్‌ను, అది రాకర్‌ను నెట్టి వాల్వ్ తెరుస్తుంది. పుష్ రాడ్ మీద డయల్ గేజ్ పెట్టి క్రాంక్ చేత్తో తిప్పాం. ఈ ఇంజిన్‌లో చాలా వాటికి కంపెనీ వేసిన క్యామ్‌కు వాల్వ్ లిఫ్ట్, అంటే వాల్వ్ లేచే ఎత్తు, ఇన్‌లెట్ 390 థౌ (థౌ అంటే ఇంచులో వెయ్యో వంతు), ఎగ్జాస్ట్ 410 థౌ. రాకర్ ఆ ఎత్తును ఒకటిన్నర రెట్లు చేస్తుంది (రాకర్ రేషియో 1.5) కాబట్టి లోబ్ దగ్గర ఎగ్జాస్ట్‌కు 273 థౌ రావాలి. మంచి ఎగ్జాస్ట్ లోబ్‌లన్నీ 268 నుంచి 272 మధ్య చూపించాయి. ఐదో సిలిండర్ ఎగ్జాస్ట్ 171 దగ్గర ఆగిపోయింది. వంద థౌ ఇనుము అరిగి ఆయిల్‌లో కలిసిందన్న మాట. ఆ ట్యాపెట్ బయటికి తీసి చూస్తే అడుగు భాగం పల్లెంలా గుంట పడి ఉంది. కొత్త ట్యాపెట్ అడుగు పైకి చదునుగా కనిపించినా మధ్యలో రవ్వంత ఉబ్బుగా ఉంటుంది, లోబ్ కూడా రవ్వంత వాలుగా రుబ్బి ఉంటుంది, ఆ రెండూ కలిసే ట్యాపెట్‌ను దాని గూట్లో తిరిగేలా చేస్తాయి. తిరగడం ఆగిందా, ఒకే చోట రాపిడి మొదలై లోబ్ తినేస్తుంది. 70ల, 80ల స్మాల్ బ్లాక్‌లలో ఇది కొత్త జబ్బేం కాదు.

క్యామ్ మార్చక తప్పదు. ఇక్కడి నుంచే అసలు కేసు.

అన్నకు క్యామ్ మార్చాలి అనగానే మొహం వెలిగిపోయింది. ఫోన్ తీసి ఒక వీడియో పెట్టాడు. అమెరికాలో ఎవరిదో ఇలాంటిదే ట్రక్కు, నిలబడి ఐడ్లింగ్‌లో గుడ్‌గుడ్‌గుడ్ అని ఒళ్లంతా ఊగుతోంది. "ఏమప్పా, ఎట్లైనా విప్పుతాండావు కదా, ఈ సౌండ్ వచ్చే క్యామే ఎయ్యి. మావోడు డల్లాస్‌లో ఉండాడు, వచ్చే నెల వస్తాడు, సూట్‌కేస్‌లో ఏసుకొస్తాడు." వాళ్లబ్బాయి అప్పటికే ఒకటి చూసి పెట్టాడంట కూడా, నంబర్లు వాట్సాప్‌లో వచ్చాయి.

నేను ఆయన్ని అడిగినవి వేరే. బండి ఎక్కడ తిరుగుతుంది, ఎంత బరువు వేస్తావు, ఎంత స్పీడ్‌లో పోతావు అని. తాడిపత్రి నుంచి అనంతపురం, అప్పుడప్పుడు బెంగళూరు హైవే, బంధువులొస్తే గండికోట. వెనక ఒక్కోసారి అర టన్ను శాంపిల్ రాళ్లు. ఎండాకాలం ఏసీ లేకుండా బండి ఎక్కడు. నూటికి మించి పోడు, పోయినా ఇంట్లో వాళ్లు ఊరుకోరు. రేసుల జోలికి పోడు, ఐదువేల ఆర్‌పీఎం ఎప్పుడూ చూడడు.

తర్వాత బండిని అడిగాం. వెనక ఒక చక్రం నేల మీదే ఉంచి, రెండోది జాకీ మీద లేపి, లేపిన చక్రం రెండు పూర్తి చుట్లు తిప్పితే ప్రొపెల్లర్ షాఫ్ట్ మూడు చుట్ల మీద కొద్దిగా తిరిగింది. అంటే క్రౌన్ రేషియో (చక్రాలు రెండూ ఒక్కో చుట్టు తిరగడానికి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క) 3.08. హైవే మీద హాయిగా పోవడానికి వేసిన రేషియో ఇది, లోడు గుంజడానికి కాదు. టైరు ఎత్తు 28 ఇంచులు. ఈ రెండూ తెలిస్తే కాగితం మీద మిగతాదంతా తేలిపోతుంది: టాప్ గేర్‌లో 60 కిలోమీటర్ల స్పీడ్‌కు ఇంజిన్ సుమారు 1,380 ఆర్‌పీఎం, 80కి 1,840, 100కి 2,300. కన్వర్టర్‌లో (ఇంజిన్‌కూ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే ఆయిల్ జోడింపు) జారుడు కొంచెం కలుపుకుంటే ఇంకాస్త ఎక్కువ, అంతే. కాబట్టి ఈ ఇంజిన్ జీవితమంతా 1,400 నుంచి 2,500 లోపలే గడుస్తుంది. క్యామ్ కొనేది ఆ కాస్త చోటు కోసం. కేటలాగ్‌లో "2,200 నుంచి 6,000" అని రాసి ఉన్న క్యామ్ ఈ బండిలో వేస్తే, అది నిద్ర లేచే సరికి మనవాడు బ్రేక్ మీద కాలేసి ఉంటాడు.

ఇప్పుడు నంబర్ల సంగతి. క్యామ్ కార్డు (క్యామ్‌తో వచ్చే లెక్కల చీటీ) మీద జనం మొదట చూసేది లిఫ్ట్, తర్వాత డ్యురేషన్, అంటే క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగే దాకా వాల్వ్ తెరిచి ఉంటుందో ఆ లెక్క. డ్యురేషన్ కూడా రెండు రకాలుగా రాస్తారు, పెద్ద నంబరు ఒకటి, ట్యాపెట్ 50 థౌ లేచిన దగ్గర కొలిచిన చిన్న నంబరు ఒకటి. పెద్ద నంబరు ఒక కంపెనీ 4 థౌ దగ్గర కొలుస్తుంది, ఇంకో కంపెనీ 6 థౌ దగ్గర కొలుస్తుంది, అందుకని రెండు కంపెనీల క్యామ్‌లు పక్కపక్కన పెట్టి పోల్చాలంటే 50 థౌ నంబరే దిక్కు.

మేం బోర్డు మీద నాలుగు రాసుకున్నాం. మొదటిది కంపెనీ క్యామే: 50 థౌ దగ్గర ఇన్‌లెట్ 195 డిగ్రీలు, ఎగ్జాస్ట్ 202, లోబ్ సెపరేషన్ (ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ లోబ్‌ల శిఖరాల మధ్య కోణం) 112. రెండోది 204/214, లిఫ్ట్ 420/442 థౌ, సెపరేషన్ 112. మూడోది 214/224, లిఫ్ట్ 442/465, సెపరేషన్ అదే. నాలుగోది డల్లాస్ అబ్బాయి పంపింది: 224/234, లిఫ్ట్ 465/488, సెపరేషన్ 110.

ఆ గుడగుడ ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూద్దాం. ఎగ్జాస్ట్ వాల్వ్ ఇంకా పూర్తిగా మూయకముందే ఇన్‌లెట్ తెరుచుకుంటే ఆ కాసేపు రెండూ తెరిచి ఉంటాయి, అదే ఓవర్‌ల్యాప్. ఐడ్లింగ్‌లో మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఎక్కువ కాబట్టి కాలిన గ్యాస్ ఇటే లాక్కుంటుంది, కొత్త మిశ్రమం పాడవుతుంది, ఒక సిలిండర్ గట్టిగా కాలుతుంది, ఇంకోటి కాలీ కాలనట్టు ఉంటుంది. ఆ ఎగుడుదిగుడే మనకు వినిపించే గుడగుడ. మనవాడు ముచ్చట పడుతున్నది సరిగ్గా కాలని ఇంజిన్ శబ్దానికి, ఈ మాట ఆయనకు ఇలాగే చెప్పాను, నవ్వాడు కానీ ఒప్పుకోలేదు. 50 థౌ దగ్గర లెక్కేస్తే కంపెనీ క్యామ్‌కు ఓవర్‌ల్యాప్ మైనస్ 25 డిగ్రీల చిల్లర, రెండోదానికి మైనస్ 15, మూడోదానికి మైనస్ 5, నాలుగోదానికి ప్లస్ 9. మైనస్ అంటే ఆ ఎత్తు దగ్గర రెండు వాల్వ్‌లు ఒకేసారి తెరిచి లేవని అర్థం. నాలుగోది నిజంగానే గుడగుడలాడుతుంది, ఆ సంగతిలో అబ్బాయి తప్పు చెప్పలేదు.

దానికి కట్టాల్సిన బాకీ వాక్యూమ్‌లో కట్టాలి. ఆరోగ్యంగా ఉన్న కంపెనీ క్యామ్ ఇంజిన్ ఐడ్లింగ్‌లో 18 నుంచి 20 ఇంచుల (పాదరసం కొలత) వాక్యూమ్ ఇస్తుంది, అదీ సముద్ర మట్టం దగ్గర. ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు ఒక ఇంచు తగ్గుతుంది, అనంతపురం 335 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే మన దగ్గర గేజ్ మొదటి నుంచే ఒక ఇంచు తక్కువ చూపిస్తుంది. 8.5 కంప్రెషన్‌తో నాలుగో క్యామ్ వేస్తే పన్నెండూ పదమూడు దగ్గర ఊగుతుంది, ఏసీ ఆన్ చేసి డ్రైవ్‌లో పెట్టి సిగ్నల్ దగ్గర నిలబడితే ఇంకా పడిపోతుంది. వాక్యూమ్‌తోనే మన కాలికి సాయం చేసే బ్రేక్ బూస్టర్‌కు 15 దాకా ఉంటే నమ్మకం. దాదాపు రెండు టన్నుల బండి, వెనక అర టన్ను రాయి, గండికోట నుంచి జమ్మలమడుగు వైపు దిగేటప్పుడు బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడితే ఆ సౌండ్ ఎవరికి కావాలి?

కానీ నేను నాలుగోదాన్ని కొట్టేసింది ప్రధానంగా వాక్యూమ్ కోసం కాదు. ఇన్‌లెట్ వాల్వ్ మూసే టైమింగ్ చూసి.

పిస్టన్ కిందికి దిగి మళ్లీ పైకి బయల్దేరినా ఇన్‌లెట్ వాల్వ్ వెంటనే మూసుకోదు. క్రాంక్ బీడీసీ (పిస్టన్ అట్టడుగున ఉండే చోటు) దాటి ఇంకొన్ని డిగ్రీలు తిరిగాకే మూస్తుంది. ఆర్‌పీఎం ఎక్కువ ఉన్నప్పుడు లోపలికి వచ్చే గాలికి జోరు ఉంటుంది, పిస్టన్ ఎదురొచ్చినా దూసుకొస్తూనే ఉంటుంది, కాబట్టి ఆలస్యంగా మూయడం లాభం. 1,500 ఆర్‌పీఎంలో ఆ జోరు ఎక్కడిది? పిస్టన్ పైకి వస్తూ వస్తూ అప్పటికే లోపలికి వచ్చిన మిశ్రమాన్ని వెనక్కి మ్యానిఫోల్డ్‌లోకి నెట్టేస్తుంది. వాల్వ్ మూసుకున్న తర్వాత మిగిలిన స్ట్రోక్‌లోనే అసలు కంప్రెషన్ జరుగుతుంది. కాగితం మీద 8.5 అని ఉన్నా ఇంజిన్‌కు నిజంగా అందేది అంతకంటే తక్కువ, ఎంత తక్కువ అనేది క్యామే నిర్ణయిస్తుంది. పుల్లింగ్ అంటే ఇదే, వేరే ఏమీ కాదు.

లెక్క ఇలా వచ్చింది. 50 థౌ దగ్గర రెండో క్యామ్ ఇన్‌లెట్ బీడీసీ తర్వాత 29 డిగ్రీలకు మూస్తుంది, మూడోది 34కు, నాలుగోది 38కి. పెద్ద డ్యురేషన్ నంబరుతో, అంటే వాల్వ్ దాదాపు సీటు మీద కూర్చునే చోట చూస్తే 66, 71, 75 డిగ్రీలు. ఈ ఇంజిన్ స్ట్రోక్, రాడ్ పొడవు వేసి పిస్టన్ ఎక్కడుందో లెక్కగడితే 8.5 కంప్రెషన్‌కు రెండో క్యామ్‌తో నిజంగా దక్కేది 6.76, మూడోదానితో 6.49, నాలుగోదానితో 6.27. ఈ అంకెల్ని విడిగా పట్టుకుని ఇంత ఉండాలి అంత ఉండాలి అనుకోవద్దు, ఎక్కడ కొలిచామన్నదాన్ని బట్టి మారతాయి. ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికే పనికొస్తాయి. పోలిస్తే కనిపించేది ఏమిటంటే, నాలుగో క్యామ్ వేస్తే కింది ఆర్‌పీఎంలో కంప్రెషన్ అర పాయింటు ఊరికే పోతుంది. హెడ్ రుబ్బించి అర పాయింటు పెంచుకోవాలంటే బోరింగ్ షాపులో ఎంత అవుతుందో తెలిసినవాళ్లకు ఈ నష్టం వెంటనే అర్థమవుతుంది.

అట్లని నాలుగోది చెడ్డ క్యామ్ అని అనడం లేదు. అదే 350లో 9.5 కంప్రెషన్ ఉండి, 3.73 క్రౌన్ ఉండి, కొంచెం ఎక్కువ ఆర్‌పీఎం దాకా జారనిచ్చే (ఎక్కువ స్టాల్) కన్వర్టర్ ఉంటే లెక్క 6.97కు వస్తుంది, బండి ఎగురుతుంది. ఆ వీడియోలో ట్రక్కుకు ఇవన్నీ ఉండి ఉంటాయి. వీడియోలో సౌండ్ వినిపిస్తుంది గానీ క్రౌన్ పళ్లు కనపడవు కదా.

మన ఎండల సంగతి ఒకటి ఇందులో కలపాలి. 42 డిగ్రీల ఎండలో, బానెట్ కింద ఇంకా ఉడికిపోతుంటే, కంప్రెషన్ ఎక్కువైతే నాకింగ్ (మిశ్రమం తనంతట తానే పేలి టకటకమనడం) భయం ఉంటుంది, అందుకని కొందరు కావాలనే ఆలస్యంగా మూసే క్యామ్ వేస్తారు. కంప్రెషన్ 10 దాటిన ఇంజిన్‌కు అది తెలివైన పనే. 8.5 ఉన్న ఇంజిన్‌కు ఆ భయం లేదు, దానికి ఒత్తిడి ఎంత కాపాడితే అంత మంచిది.

ఇక మూడోది, 214/224. నిజాయతీగా చెప్పాలంటే చాలామంది దీన్నే వేస్తారు, 350కి చెడ్డగా ఏమీ ఉండదు. ఇదే బండికి 3.42 క్రౌన్ ఉండుంటే నేను కూడా కాసేపు ఆలోచించేవాణ్ని. 3.08తో, కంపెనీ కన్వర్టర్‌తో వద్దు. కంపెనీ క్యామే మళ్లీ వేస్తే? అది కూడా సిగ్గుపడాల్సిన పని కాదు, 1,500 దగ్గర దాన్ని మించినది దొరకదు. కానీ ఈ బండి నెలకోసారైనా ఎన్‌హెచ్ 44 మీద ఏసీ వేసుకుని పోతుంది, అక్కడ ఓవర్‌టేక్ చేయడానికి కిక్‌డౌన్ (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే గేర్ తనే కిందికి దిగడం) అయితే మూడు వేల పైకి పోతుంది, కంపెనీ క్యామ్‌కు అక్కడ ఊపిరి ఆడదు. 204/214 కింద పెద్దగా ఏమీ పోగొట్టకుండా పైన కాస్త ఇస్తుంది. ఎగ్జాస్ట్ వైపు 10 డిగ్రీలు ఎక్కువ ఉండటం కూడా ఈ బండికి కలిసొచ్చింది, పాత స్మాల్ బ్లాక్ హెడ్‌లో ఎగ్జాస్ట్ దారి ఇరుకు, దానికి తోడు పోత మ్యానిఫోల్డ్‌లు, పొగ బయటికి పోవడానికి కొంచెం ఎక్కువ టైం ఇవ్వాల్సిందే.

రోలర్ క్యామ్ (ట్యాపెట్ రాసుకోకుండా చిన్న చక్రంతో దొర్లే రకం) మాట కూడా వచ్చింది. ఆ కాలపు బ్లాక్‌లో రోలర్ ట్యాపెట్‌లకు ఏర్పాటు లేదు, మార్పిడి సెట్టు కొనాలి, ధర ఇంకెన్నో రెట్లు. వదిలేశాం.

అన్నను ఒప్పించింది మాత్రం ఈ లెక్కలేవీ కాదు. వాక్యూమ్ గేజ్ గొట్టం పెట్టి, ఆయన బండిలోనే, ఆయన చేతనే బ్రేక్ నాలుగుసార్లు తొక్కించి, ఇంజిన్ ఆపి మళ్లీ తొక్కించాను. బూస్టర్‌లో వాక్యూమ్ అయిపోయాక పెడల్ ఎంత గట్టిపడుతుందో కాలికి తెలిసింది. "సరేలే, నీ ఇష్టమొచ్చింది ఎయ్యి. సౌండ్ మాత్రం ఏదో ఒకటి చూడు సామీ" అన్నాడు. సౌండ్‌కు సైలెన్సర్‌లు మార్చాం, మంచి గంభీరంగా వస్తోంది, పుల్లింగ్ ఏమీ పోలేదు.

క్యామ్ సూట్‌కేస్‌లోనే వచ్చింది, పదహారు కొత్త ట్యాపెట్‌లతో, కొత్త స్ప్రింగ్‌లతో, డబుల్ రోలర్ టైమింగ్ చైన్‌తో. ట్యాపెట్‌లు పాతవి వేస్తే కుదరదా అని మా దగ్గరి కుర్రాడు అడిగాడు. కుదరదు. పాత ట్యాపెట్ పాత లోబ్‌కు అరిగి ఉంటుంది, కొత్త లోబ్ మీద పెడితే అరగంటలో దాన్ని కూడా మింగేస్తుంది. స్ప్రింగ్‌లు కూడా క్యామ్ కార్డు చెప్పినంత బలమే ఉండాలి, గట్టివి వేస్తే మంచిదనుకోవడం ఈ రకం క్యామ్‌ల ప్రాణం తీస్తుంది. 442 థౌ లిఫ్ట్‌కు స్ప్రింగ్‌ను పట్టి ఉంచే రిటైనర్‌కూ వాల్వ్ గైడ్ సీలుకూ మధ్య సందు కొలిచాం, కావలసిన 60 థౌ కంటే బాగానే ఉంది. పాత హెడ్‌లతో 460, 470 దాటితే అక్కడ ముట్టుకునే ప్రమాదం మొదలవుతుంది, నాలుగో క్యామ్‌కు ఆ ఖర్చు కూడా తగిలేది.

క్యామ్ మార్చడానికి ఈ ఇంజిన్‌లో హెడ్ విప్పనక్కర్లేదు. రేడియేటర్, వాటర్ పంప్, టైమింగ్ కవర్, ఇన్‌లెట్ మ్యానిఫోల్డ్ తీస్తే చాలు. అయినా మేం ఆయిల్ చాంబర్ కూడా దించాం, ఇది మాత్రం ఎవరూ వదలకూడదు. వంద థౌ ఇనుము ఎక్కడికి పోయింది మరి? చాంబర్ అడుగున బురద మధ్యలో వెండి రజనులా మెరుస్తూ కనపడింది, అయస్కాంతం పెడితే మీసాలు లేచినట్టు లేచింది. బేరింగ్ షెల్స్ విప్పి చూస్తే రెండింటి మీద సన్న గీతలు, క్రాంక్ మీద గోరుకు తగిలేంత ఏమీ లేదు. షెల్స్ కొత్తవి వేసి, ఆయిల్ పంపు మార్చి, ఆయిల్ దారులన్నీ కిరోసిన్‌తో, తర్వాత గాలితో కడిగాం.

బిగించేటప్పుడు ఒక చోట ఆగాలి. క్యామ్ కార్డు మీద ఇన్‌లెట్ సెంటర్‌లైన్ (పిస్టన్ పైకొస, అంటే టీడీసీ, దాటాక ఎన్ని డిగ్రీలకు ఇన్‌లెట్ లోబ్ శిఖరం వస్తుందో ఆ లెక్క) 107 అని ఉంది, పళ్ల చక్రాల మీది గుర్తులు చుక్కకు చుక్క కలిపి చైన్ వేసేసి 107 వచ్చిందనుకోవడం మామూలే. మేం క్రాంక్ ముందు డిగ్రీ వీల్ బిగించి, ఇనుప తీగ వంచి ముల్లు చేసి, పిస్టన్ స్టాపుతో నిజమైన టీడీసీ పట్టుకున్నాం. మొదటి సిలిండర్ ఇన్‌లెట్ ట్యాపెట్ మీద డయల్ గేజ్. ట్యాపెట్ పూర్తి ఎత్తుకు లేచిన చోట గేజ్ సున్నా చేసి, దానికి 50 థౌ ముందు ఒక రీడింగ్, 50 థౌ తర్వాత ఒక రీడింగ్: 65, 153. రెండూ కలిపి సగం చేస్తే 109. కార్డు కంటే రెండు డిగ్రీలు వెనక. చిన్నదే, కానీ ఆ రెండు డిగ్రీలూ ఇన్‌లెట్ మూసే టైమింగ్‌ను కూడా అంతే ఆలస్యం చేస్తాయి, మనం ఇంత లెక్కలేసుకుని దాని కోసమే కదా ఈ క్యామ్ తెచ్చుకున్నది. క్రాంక్ పళ్ల చక్రానికి మూడు కీ గాడులు ఉన్నాయి, సున్నా ఒకటి, నాలుగు డిగ్రీలు ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి. ముందుకు వేసి మళ్లీ కొలిస్తే 105. ఇప్పుడు ఇన్‌లెట్ 50 థౌ దగ్గర 27 డిగ్రీలకే మూస్తుంది. పైన ఐదువేల దగ్గర కాస్త పోతుంది, పోనీ. క్యామ్ ముందుకు జరిపితే ఇన్‌లెట్ వాల్వ్ పిస్టన్‌కు దగ్గరవుతుంది, కానీ ఇంత చిన్న క్యామ్‌కు అక్కడ చోటుకు కొదవ లేదు. మూడో నాలుగో క్యామ్‌లాంటివి వేసేవాళ్లు మాత్రం పిస్టన్ మీద మైనం ముద్ద పెట్టి కొలుచుకోండి, ఇన్‌లెట్‌కు 80 థౌ, ఎగ్జాస్ట్‌కు 100 థౌ సందు ఉండాలి.

ట్యాపెట్‌లు హైడ్రాలిక్ కాబట్టి పుష్ రాడ్ వేళ్ల మధ్య తిప్పుతూ ఆట పోయే దాకా నట్టు బిగించి, అక్కడి నుంచి ఇంకో అర చుట్టు. ఎగ్జాస్ట్ తెరుచుకోవడం మొదలైనప్పుడు ఆ సిలిండర్ ఇన్‌లెట్ బిగించాలి, ఇన్‌లెట్ తెరిచి మూయబోతున్నప్పుడు ఎగ్జాస్ట్ బిగించాలి. ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2, అదే వరసలో పోతే తికమక ఉండదు.

మొదటి స్టార్ట్ మీదే కొత్త క్యామ్ ఆయుష్షు ఆధారపడి ఉంటుంది, ఇక్కడ టెన్షన్ పడటం మంచిదే. లోబ్‌లకు, ట్యాపెట్ అడుగులకు క్యామ్‌తో వచ్చిన నల్ల పేస్ట్ దట్టంగా పూశాం. ఆయిల్‌కు జింక్ ఎక్కువ ఉన్న 15డబ్ల్యూ-40 డీజిల్ ఇంజిన్ ఆయిల్, దానితో పాటు బ్రేక్-ఇన్ మందు ఒక సీసా. ఇప్పటి పెట్రోల్ కార్ల ఆయిల్‌లో జింక్ తగ్గించేశారు, ఇలాంటి రాపిడి క్యామ్‌లకు అది చాలదు. డిస్ట్రిబ్యూటర్ వేయకముందే డ్రిల్లు మిషన్‌కు పొడవాటి రాడ్ పెట్టి ఆయిల్ పంపు తిప్పి, రాకర్‌లన్నిటి దగ్గరా ఆయిల్ పొంగే దాకా ఆగలేదు. కార్బ్యురేటర్ గిన్నె నింపి, టైమింగ్ ముందే కుదుర్చుకుని, నీళ్లు చూసుకుని, అప్పుడు కీ తిప్పాం. ఎందుకంటే స్టార్ట్ కాకుండా గిరగిరా సెల్ఫ్ కొడుతూ ఉంటే ఆ పేస్ట్ అంతా తుడిచిపెట్టుకుపోతుంది. స్టార్ట్ అయిన క్షణం నుంచి 2,000కు పైనే, 2,000 నుంచి 2,500 మధ్య మారుస్తూ పాతిక నిమిషాలు. ఐడ్లింగ్‌కు అస్సలు దించకూడదు, ఆ స్పీడ్‌లో లోబ్‌ల మీద పడే ఆయిల్ చాలదు. అన్న అప్పుడే వచ్చి ఐడ్లింగ్ సౌండ్ వినాలని మారాం చేశాడు, పక్క షెడ్డులో టీ తాగి రమ్మని పంపాం.

పెట్రోల్ వైపు ఒక మార్పు తప్పనిసరి అయింది. బంకుల్లో ఇప్పుడు వచ్చేది ఈ20. ఆ ఇరవై శాతం ఇథనాల్ వల్ల అదే గాలికి సుమారు 8 శాతం ఎక్కువ పెట్రోల్ కావాలి, కొత్త కార్లలో సెన్సర్ చూసి కంప్యూటర్ పోస్తుంది, ఈ కార్బ్యురేటర్‌కు ఆ సంగతి ఎవరు చెప్తారు? మెయిన్ జెట్లు రెండు సైజులు పెంచాం, గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రబ్బరువి వేశాం, పెట్రోల్ లైను మ్యానిఫోల్డ్‌కు దూరంగా జరిపాం. ఇగ్నిషన్ ఐడ్లింగ్‌లో 10 డిగ్రీలు, మూడు వేల దగ్గర మొత్తం 34.

ఫలితం. డ్రైవ్‌లో, ఏసీ వేసి, ఐడ్లింగ్‌లో వాక్యూమ్ 16 ఇంచులు, న్యూట్రల్‌లో ఏసీ లేకుండా 18కి రవ్వంత తక్కువ. గేజ్ ముల్లు ఊగకుండా నిలబడింది. సెల్ఫ్ కొట్టి చూసిన కంప్రెషన్ పాత క్యామ్‌తో ఉన్నదానికి దాదాపు సమానంగా వచ్చింది, ముందుకు జరిపిన నాలుగు డిగ్రీలు అక్కడ కనపడ్డాయి. బండిలో అర టన్ను వేసుకుని గండికోట ఎత్తు ఎక్కేటప్పుడు ముందు రెండో గేర్‌కు దిగిన చోట ఇప్పుడు టాప్‌లోనే లాగేస్తోంది. అందులో క్యామ్ వాటా ఎంత, ఏడు సిలిండర్ల బండి మళ్లీ ఎనిమిదింటి మీద నడవడం వాటా ఎంత అంటే, ఎక్కువ వాటా రెండోదానిదే. హైవే మీద వంద దగ్గర కిక్‌డౌన్ చేసినప్పుడు వచ్చే ఊపు మాత్రం క్యామ్‌దే.

మొదటి 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూశాం. నల్ల పేస్ట్ జాడ తప్ప మెరుపు లేదు. రాకర్ కవర్ విప్పి పదహారు వాల్వ్‌లూ మళ్లీ గేజ్‌తో కొలిచాం, ఏదీ తగ్గలేదు.

ఇప్పుడు అన్నకు కొత్త కోరిక పుట్టింది, 3.73 క్రౌన్ వేద్దామంటున్నాడు, లోడు ఇంకా బాగా గుంజుతుందని ఎవరో చెప్పారంట. వాళ్లు చెప్పింది నిజమే. వేస్తే 100 కిలోమీటర్ల స్పీడ్‌కు ఇంజిన్ 2,300 నుంచి సుమారు 2,780కి పోతుంది, ఈ క్యామ్‌కు అది ఇంకా సుఖమైన చోటు, కాబట్టి క్యామ్ ముట్టుకోనక్కర్లేదు. పెట్రోల్ బిల్లు మాత్రం పెరుగుతుందని చెప్పా, వాళ్లబ్బాయి మళ్లీ ఎప్పుడొస్తాడో కనుక్కుంటానన్నాడు.